సీతమ్మతో ఏ భాషలో మాట్లాడాలి? సుందరకాండ 30వ సర్గ మన ఇంటికి చెప్పే పాఠం

 

నవరాత్రుల్లో మన సుందరకాండ పాఠాలు విన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, 30వ సర్గ దగ్గర నేను ఆగిపోయాను. రెండు రోజులు కొత్త పాఠం పెట్టలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు చాలామంది. ఒళ్లు బాగానే ఉంది. ఆ సర్గ చెప్పడానికి నోరు రాలేదు, అంతే. కెమెరా ముందు కూర్చుని చెప్పలేకపోయిన ఆ సంగతి ఇవాళ రాస్తున్నాను. ఇందులో మా కోడలి మాట కూడా వస్తుంది. తనను అడిగి, తను సరేనన్నాకే రాస్తున్నాను.

ముందు సర్గ చెప్పుకుందాం. మా ఇంటి సంగతి తర్వాత.

శింశుపా వృక్షం మీద హనుమ ఆలోచన

అశోకవనంలో సీతమ్మ ఉంది. చుట్టూ రాక్షస స్త్రీలు. రావణుడు వచ్చి బెదిరించి, రెండు నెలలు గడువు పెట్టి వెళ్లాడు. జడతో ఉరి పోసుకుందామా అన్నంత దాకా వెళ్లింది ఆ తల్లి మనసు. ఇదంతా హనుమ చెట్టు మీద ఆకుల మాటున కూర్చుని చూస్తున్నాడు.

ఇంత దూరం వచ్చాడు, సముద్రం దాటాడు, లంకంతా వెతికాడు. వెతికిన తల్లి కళ్ల ముందే ఉంది. మనమైతే ఏం చేస్తాం? ఒక్క దూకు దూకి, “అమ్మా, నేను రాముడి బంటును” అనేస్తాం. హనుమ అలా చేయలేదు. ఆగాడు. ఒక సర్గ మొత్తం ఆయన ఆలోచనే.

ఏమిటి ఆ ఆలోచన? మాట్లాడకుండా వెళ్లిపోతే ఈ తల్లి ప్రాణాలు వదిలేస్తుందేమో. పోనీ మాట్లాడితే, ఎలా మాట్లాడాలి? నేను చూస్తే కోతిని, అందులోనూ చిన్న రూపంలో ఉన్నాను. పండితుడిలా సంస్కృతంలో మొదలుపెడితే నన్ను రావణుడే అనుకుని భయపడుతుంది. భయపడి కేక వేస్తే కావలివాళ్లు లేస్తారు. యుద్ధం అవుతుంది. వచ్చిన పని చెడుతుంది. కాబట్టి మామూలు మనుషులు మాట్లాడుకునే మాటే మాట్లాడాలి. ఇదీ ఆయన నిర్ణయం. ఆ మాట కోసల దేశపు జనం ఇళ్లలో మాట్లాడుకునే మాట అని వ్యాఖ్యానం చెప్పిన పెద్దలున్నారు. అంటే సీతమ్మ అత్తవారింట్లో రోజూ విన్న మాట.

అదే సంస్కృతం, రెండు చెవులు

ఇక్కడ కొంచెం వెనక్కి, కిష్కింధకాండలోకి వెళదాం.

ఋష్యమూకం మీద సుగ్రీవుడు ఇద్దరు విల్లు పట్టిన వాళ్లను చూసి వణికిపోయాడు. వాలి పంపిన మనుషులే అని తేల్చేసుకున్నాడు. అన్న చేతిలో దెబ్బ తిన్నవాడు కదా, ఎవరిని చూసినా అన్నే గుర్తొస్తాడు. అప్పుడు హనుమ భిక్షువు రూపంలో వెళ్లి రామలక్ష్మణులను పలకరించాడు. ఆ పలకరింపు విని రాముడు ఎంత మురిసిపోయాడో మీకు తెలుసు. వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు, వ్యాకరణం బాగా నేర్చినవాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అని లక్ష్మణుడితో చెప్పాడు.

చూశారా? పంపాతీరంలో స్నేహం తెచ్చిపెట్టింది ఆ చక్కని మాటే. లంకలో అదే మాట ఆ తల్లిని భయపెడుతుందని హనుమకు అనిపించింది. మాట్లాడేవాడు మారలేదు. మనసులో ఉన్న మంచీ మారలేదు. మారింది వినే చెవి.

ఎందుకు మారింది? పంచవటిలో రావణుడు ఎలా వచ్చాడో తలుచుకోండి. కాషాయం కట్టి, కమండలం పట్టి, వేదఘోష చేస్తూ వచ్చాడు. ఆ మర్యాదను నమ్మి ఆసనం వేసింది సీతమ్మ. అలాంటి తల్లికి, ముక్కూ మొహం తెలియనివాడి నోట శుద్ధమైన సంస్కృతం వినపడితే ఏం గుర్తొస్తుంది? ఆ రోజే గుర్తొస్తుంది.

ఈ పాఠంలో ఇదే గట్టిగా పట్టుకోవలసిన విషయం. మాటకు అర్థం నిఘంటువులో ఉంటుందని అనుకుంటాం. చాలాసార్లు అది విన్నవాళ్లు పెరిగిన ఇంట్లో, వాళ్లు పడ్డ దెబ్బల్లో ఉంటుంది.

నేను ఇది చెప్పడానికే పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. చెప్పలేకపోయాను. ఎందుకో వినండి.

మా ఇంట్లో “నువ్వు”

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అబ్బాయి ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో అందరం కలిసే ఉంటున్నాం. కోడలిది కరీంనగర్. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, మేమూ సంతోషంగానే పెళ్లి చేశాం.

పెళ్లయిన మూడో వారంలో మా ఆడపడుచులు ఊరి నుంచి వచ్చారు. వంటింట్లో నేను పులిహోర కలుపుతుంటే కోడలు వచ్చి, “అత్తమ్మా, నువ్వు కూసో, నేను జేస్త గద” అంది. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినపడింది ఒకటే, “నువ్వు”. ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపు కోడలు అత్తగారిని “మీరు” అంటుంది, “అత్తయ్యగారూ” అంటుంది. నేను మా అత్తగారి ముందు పాతికేళ్లు అలాగే మెలిగాను.

ఆ పిల్లకు ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. బదులుగా నేనే ఆమెను “మీరు” అనడం మొదలుపెట్టాను. “మీరు పడుకోండమ్మా, నేను చూసుకుంటాను.” “కాఫీ తాగుతారా?” అలా అంటే సిగ్గుపడి తనే నేర్చుకుంటుందని నా ఉద్దేశం. నిజం చెప్పాలంటే, కొంచెం గుచ్చుకోవాలనే ఉద్దేశం కూడా.

గుచ్చుకుంది. కానీ నేను అనుకున్న చోట కాదు. ఆమె అర్థం చేసుకున్నది వేరు. “మీ అమ్మ నన్ను ఇంటిదాన్ని అనుకుంటలేదు, సుట్టాలతోటి మాట్లాడినట్టు మాట్లాడుతది” అని మా అబ్బాయి దగ్గర ఏడ్చిందట. ఈ ముక్క నాకు ఎన్నో నెలల తర్వాత తెలిసింది. వాళ్లింట్లో “మీరు” అనేది పై మనిషితో అనే మాట. సొంతవాళ్లకు, పెద్దవాళ్లకైనా సరే, “నువ్వు”. అంటే ఆమె నన్ను లోపలికి పిలుస్తుంటే అవమానం అనుకున్నాను. నేను మర్యాద అనే పేరుతో ఆమెను గుమ్మం బయట నిలబెట్టాను. మధ్యలో అబ్బాయి నలిగిపోయాడు. అటు చెప్పలేడు, ఇటు చెప్పలేడు.

“ఎంగిలి” అన్న మాట దగ్గర

అసలు గొడవ మహాలయ అమావాస్య రోజు వచ్చింది. మాకు అది పెద్దల రోజు. మావారు తర్పణాలు వదిలి, భోజనాలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు మా ఇంట్లో గట్టిగా నవ్వుకోవడం కూడా ఉండదు. అలాంటి వేళ వియ్యపురాలు కరీంనగర్ నుంచి వచ్చారు. పెళ్లయిన తర్వాత వచ్చిన మొదటి బతుకమ్మ కదా, కూతుర్ని తీసుకువెళ్లడానికి. వస్తూనే ఎంతో సంబరంగా, “ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ గద వదినె, పొద్దుగూకే వరకు ఇంటికి చేరాలె” అన్నారు.

అమావాస్య పూట పండగేమిటి అనేది మొదటి మాట నాకు. రెండోది ఆ పేరు. ఎంగిలి! మా ఇంట్లో ఎంగిలి చెయ్యి తగిలిన గరిటెను కూడా దేవుడి గిన్నె దగ్గరకు రానివ్వం. నోరు జారింది. “మా ఇంట్లో అమ్మవారికి ఎంగిలివి పెట్టరు వదినగారూ” అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కూతురి సంచి అందుకుని బయల్దేరారు. గుమ్మం దాటుతూ మా కోడలు నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, అది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. మా అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదు. ఇక ఆమె తిరిగి వస్తుందా రాదా అన్నంత వరకు వెళ్లింది మా ఇంట్లో మాట.

మర్నాడు నవరాత్రులు మొదలు. నేను దీపం పెట్టుకుని, బొట్టు పెట్టుకుని, మీ అందరికీ సుందరకాండ చెప్పడం మొదలుపెట్టాను.

ఆ సర్గ నన్నే అడిగింది

ఐదో రోజుకు 30వ సర్గ వచ్చింది. హనుమ ఆగిన చోటికి వచ్చి నేనూ ఆగాను. ఆయన మాట్లాడబోయే ముందు వినేవాళ్ల గురించి అంత ఆలోచించాడే, నేను ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆలోచించానా?

దేవుడి ముందు కూర్చుని, “రామా, నువ్వే దారి చూపించు” అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను. రాముణ్ణి “నువ్వు” అంటున్నాను నేను! తెలుగువాళ్లలో దేవుణ్ణి “మీరు” అని మొరపెట్టుకునేవాళ్లు ఎవరున్నారు? త్యాగయ్యగారు కీర్తనల్లో నీవు అనే అన్నారు. భద్రాచల రామదాసుగారు కూడా అంతే, పైగా చేయించిన నగలకు లెక్క చెప్పమని నిలదీశారు కూడా. అది అమర్యాద అని ఎవరైనా అన్నారా? మా అమ్మను కూడా నేను “నువ్వు” అనే పిలిచాను. అంటే ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తెలియక కాదు. కోడలి నోట వచ్చేసరికి ఆ అర్థం నాకు గుర్తు రాలేదు.

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. రాత్రిళ్లు మా కోడలు వాళ్ల నాన్నకు ఫోన్ చేస్తుంది. “నాయినా, బువ్వ తిన్నవా? గోలీలు ఏసుకున్నవా నువ్వు?” అని అడుగుతుంది. ఆయనంటే ఆ పిల్లకు ప్రాణం. ఆయనను అనే మాటే నన్నూ అంది. ఆ సంగతి ఎనిమిది నెలలు నా చెవిన పడుతూనే ఉంది.

ఇక ఎంగిలి సంగతి. శబరి ఒక్కో పండూ కొరికి చూసి, తియ్యనివి రాముడికి పెట్టిందనే కథ వాల్మీకి రామాయణంలో లేదు. కానీ జనం గుండెల్లో ఉంది. ఆ కథ చెబుతూ నేను ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో మీరే చూశారు. శబరి ఎంగిలికి కన్నీళ్లు పెట్టుకున్నదాన్ని, వియ్యపురాలి నోట ఆ మాట వినేసరికి అంత మాట అనేశాను.

ఆ రోజు పాఠం రికార్డు చేయలేదు. వియ్యపురాలికి ఫోన్ చేశాను. ముందు నేను అన్న మాటకు క్షమించమన్నాను. తర్వాత, “ఆ పేరు ఎందుకు వచ్చింది వదినగారూ, నాకు నిజంగా తెలియదు” అని అడిగాను. కొంచెంసేపు మాట లేదు. తర్వాత చెప్పారు. “మేం ముందటి రోజే పూలు తెచ్చి నీళ్లల్ల ఏసి పెట్టుకుంటం. తెల్లారి పేరుస్తం. ఒక రాత్రి నిద్ర చేసిన పూలు గద, గందుకే ఆ పేరు అని మా అత్తమ్మ చెప్పేది.” అమావాస్య నాడు అలా మొదలై, దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మతో తొమ్మిది రోజుల పండగ పూర్తవుతుందని కూడా చెప్పారు. నేను నవరాత్రుల్లో కొలిచే గౌరమ్మనే వాళ్లు పసుపు ముద్దగా చేసి పూల మీద పెట్టుకుంటారు. అమ్మవారు ఒక్కరే. నేను మాత్రం వాళ్ల పూజకు వంక పెట్టాను.

హనుమ చేసిన పని, వరసగా

ఇప్పుడు మళ్లీ పాఠంలోకి వద్దాం. 31వ సర్గ నుంచి హనుమ ఏం చేశాడో వరసగా చూడండి.

1. తన గొప్పతో మొదలుపెట్టలేదు. సముద్రం దాటిన సంగతి ముందు చెప్పలేదు. దశరథ మహారాజు పేరుతో మొదలుపెట్టి రాముడి కథ చెప్పాడు. అంటే ఆమెకు తెలిసినదానితో, ఆమెకు ఇష్టమైనదానితో మొదలుపెట్టాడు.

2. అనుమానపడితే కోపం తెచ్చుకోలేదు. సీతమ్మ మొదట కల అనుకుంది. ఆయన దగ్గరకు వస్తున్నకొద్దీ రావణుడే మారువేషంలో వచ్చాడని భయం ఎక్కువైంది. దగ్గరవుదామని వేసిన అడుగే ఆమెకు భయం పెంచింది. “ఇంత కష్టపడి వస్తే నన్నే అనుమానిస్తావా” అని ఆయన అనలేదు. ఆ భయానికి కారణం ఉందని ఆయనకు తెలుసు.

3. అడిగినదానికి జవాబు చెప్పాడు. రాముడి గుర్తులు చెప్పమంటే, ఓపిగ్గా అన్నీ చెప్పాడు.

4. ఉంగరం తర్వాత ఇచ్చాడు. అది 36వ సర్గలో వస్తుంది. చేతిలో అంత పెద్ద రుజువు ఉన్నా, నమ్మకం కుదిరే వరకు ఆగాడు.

హనుమ ఇదే తెలివి యుద్ధకాండలో కూడా చూపించాడు. విభీషణుడు నలుగురు అనుచరులతో శరణు కోరి వస్తే, సుగ్రీవుడు శత్రువు తమ్ముడు, నమ్మొద్దు, చంపాలి అన్నాడు. పరీక్ష చేద్దామని అంగదుడు, రాకూడని వేళ రాకూడని చోటికి వచ్చాడని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించి చూద్దామని మైందుడు అన్నారు. హనుమ ఏమన్నాడంటే, మంచి మనసుతో వచ్చినవాణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేస్తే అతనికే మన మీద అనుమానం పుడుతుంది, చేతికందిన స్నేహం చెడిపోతుంది. అతని మాటలో, ముఖంలో దోషం కనపడలేదు, తీసుకోవచ్చు. రాముడు అభయం ఇచ్చాడు. కొత్త ఇంటికి వచ్చిన కోడలు, అల్లుడు, కొత్త ఊరికి వచ్చిన పొరుగువాళ్లు, వీళ్లందరినీ మనం ఎన్ని ప్రశ్నలతో నిలబెడుతున్నామో ఆలోచించుకోండి.

ఇంకో చిన్న జాగ్రత్త. వేళాకోళం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అంత తేలిగ్గా దాటదు. పంచవటిలో శూర్పణఖతో అన్నదమ్ములు ఆడిన పరిహాసాన్ని ఆమె నిజమనుకుందని, ఆమెకు పరిహాసం తెలియదని వాల్మీకి మహర్షి అక్కడే చెప్పారు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. వియ్యాలవారి సరదాలు కూడా ఒక్కోసారి అలాగే ముదురుతాయి.

అన్నీ అపార్థాలే కావు

ఇది కూడా చెప్పకపోతే పాఠం తప్పుదారి పడుతుంది. ఎదుటివాళ్ల పద్ధతి వేరు అన్న మాటను అడ్డం పెట్టుకుని అన్యాయాన్ని భరించమని రామాయణం చెప్పదు. రావణుడికి సీతమ్మ మర్యాదలు తెలియక కాదు. అతిథి అంటే ఆమె కాదనలేదని తెలిసే సన్యాసి వేషం వేశాడు. పద్ధతులు తెలిసినంత మాత్రాన మంచివాడైపోడు. కొట్టడం, కట్నానికి పీడించడం, కులం పేరుతో తక్కువ చూడటం, వీటికి “మా వైపు ఇంతే” అనే జవాబు చెల్లదు. అక్కడ ధైర్యంగా ఎదురు చెప్పాలి. పిలుపులు, పండగలు, వంటలు, పలకరింపుల దగ్గర మాత్రం కొంచెం ఆగి అడగాలి. ఏది ఏదో తెలుసుకోవడమే వివేకం.

తర్వాత ఏమైంది

సద్దుల బతుకమ్మ రోజు మేం కరీంనగర్ వెళ్లాం. గుమ్మంలోనే వియ్యపురాలు, “వదినె, నువ్వొస్తవనుకోలే. రా, లోపటికి రా” అంటూ చెయ్యి పట్టుకున్నారు. ఆ “నువ్వు” ఈసారి సరిగ్గా వినపడింది నాకు.

మా కోడలు తంగేడు, గునుగు, బంతిపూలు వరసలుగా పేరుస్తోంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత “నాకు గునుగుపూలు అందించు” అంది. అప్పుడే, నేను “మీరు” అన్నప్పుడల్లా తనకు ఎలా ఉండేదో చెప్పింది. నేనూ నా సంగతి చెప్పాను. “చెప్పొచ్చు గదా అత్తమ్మా” అంది. అవును, చెప్పొచ్చు. అంత చిన్న పని.

ఇప్పుడంతా పాలూ నీళ్లలా కలిసిపోయామని రాయను. మా ఆడపడుచుల ముందు “నువ్వు” అంటే ఇప్పటికీ లోపల చిన్నగా చివుక్కుమంటుంది. ఆమెకూ నా “అమ్మా, అలా కాదు” అనే మాట కొట్టినట్టే ఉంటుందట. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆ సాయంత్రమే అడిగేసుకుంటున్నాం.

ఈ వారం సాధన

ఈ వారం 30వ సర్గ ఒక్కటి చదవండి. చదవడం రాకపోతే వినండి. తర్వాత ఈ మూడు పనులు చేయండి.

మీ మనసులో ముల్లులా ఉన్న ఒక మాటను తలుచుకోండి. ఆ మనిషి ఆ మాటను తనకు ప్రాణమైన వాళ్లతో కూడా అంటారా, గమనించండి. అంటే దాని అర్థం మీరు అనుకున్నది కాకపోవచ్చు.

ఆ మనిషినే అడగండి. “ఆ మాటకు మీ ఇంట్లో అర్థం ఏమిటి?” అని, తగవులా కాకుండా, తెలుసుకోవాలని అడగండి.

మీకు ఎక్కడ నొప్పి కలిగిందో మీరూ చెప్పండి. దాచుకుని, మర్యాదతో పగ తీర్చుకోవద్దు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

వచ్చే పాఠంలో చూడామణి ఘట్టం చెప్పుకుందాం. ఆ హనుమ మన నాలుక మీద, అంతకంటే ముందు మన చెవుల్లో నిలవాలని ప్రార్థిస్తూ, సెలవు.

జై శ్రీరామ్. సర్వే జనాః సుఖినో భవంతు.